పాలు రెండు గ్లాసులే

జులై 6, ఆదివారం

అయ్యింది! తొమ్మిది రోజుల తరవాత మా శిరీషకి మోషన్ అయ్యింది!

అక్షరాలు కుదరడం లేదు. పొద్దున పదింటికి తలుపు చాటున నిలబడి లాగులోనే చేసేసుకుంది. నేను ఎగిరి గంతేశాను. అరవై మూడేళ్ళవాణ్ణి, గడప తగిలి బొటనవేలు చిట్లింది, ఆ సంగతే తెలియలేదు. నరసమ్మ వేణ్ణీళ్ళు పెట్టి కడుగుతూ, "ఏవండీ, ఇది నీళ్ళలాగా ఉందండీ. ఇన్నాళ్ళు కడుపులో ఉన్నది ఇలాగా వస్తుందా?" అంది. ఎలాగ వస్తే ఏం, వచ్చిందిగా అన్నాను. మా చేపల చెరువు గట్టు మీదికి పరుగెత్తి, అవతలి చెరువు చూసే వీరాస్వామికి కేకేసి చెప్పాను. "మోషన్‌కి ఇంత సంబరం నేను ఎక్కడా చూళ్ళేదు జగ్గయ్యా" అని పకపకా నవ్వాడు. నవ్వనీ. ఎనిమిదేళ్ళ పిల్ల తొమ్మిది రోజులు కడుపు పట్టుకుని గోడకి తల కొట్టుకుంటే చూసినవాడికి తెలుస్తుంది.

అంతా ఏలూరు డాక్టరమ్మ హర్షిణి గారి చలవ. పోయిన బుధవారం తీసుకెళ్ళాం. "మనవరాలా తాతగారూ?" అని అడిగింది. "కూతురేనండీ" అంటే పాపం ఆమే సిగ్గుపడింది. పెద్దమ్మాయి పుట్టిన ఇరవయ్యేళ్ళకి పుట్టింది మరి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ మలబద్ధకం ఉంటుందట. నొప్పి అని నోటితో చెప్పలేరు కాబట్టి మనమే కనిపెట్టాలట. నీళ్ళలో కలిపే పొడి మందు రాసింది. అన్నం తిన్నాక రోజూ ఒకే వేళకి బాత్రూంలో కూర్చోబెట్టమంది. తనని అడక్కుండా మందు ఆపొద్దంది. ఇక పాలు. శిరీష తినేదే మూడు రకాలు, తెల్లన్నం, బిస్కెట్లు, పాలు. పాలయితే రోజుకి ఆరు గ్లాసులు. రెండుకి మించితే కడుపు కదలదని గట్టిగా చెప్పింది.

ఎన్నిసార్లు అయ్యింది, ఎలా అయ్యింది అని టిక్కు పెట్టడానికి నంబర్లేసిన బొమ్మల కాగితం ఒకటి ఇచ్చింది. ఒకటో నంబరు గులకరాళ్ళలాగా గట్టిది, నాలుగో నంబరు మెత్తగా సరిగ్గా అయినదట. అది నరసమ్మ పని. మేత కంపెనీవాళ్ళు ఇచ్చిన ఈ డైరీ మాత్రం నాది. ఏడో తరగతి చదువు ఇంతకన్నా ఇంకెందుకు?

ఈ రోజు పాలు రెండు గ్లాసులే. (సంతోషం కొద్దీ ఇంకో అర గ్లాసు. అది ప్రసాదం లాంటిది, లెక్కలోకి రాదు.)

జులై 8

నిన్న నాలుగుసార్లు, ఈ రోజు ఐదుసార్లు. కొంచెం కొంచెం, పల్చగా. మందు మహా జోరుగా పనిచేస్తోంది. నరసమ్మకి బట్టలు ఉతకడంతోనే సరిపోతోంది. విరేచనాలు పట్టుకున్నాయేమో అంటుంది. నాకూ అలాగే ఉంది. చెరువుకి మందు కొట్టాక చేప మేతకి తిరిగిందంటే ఆ పూటే మందు ఆపేస్తాం. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని. ఇంకా కొడితే చేప నీరసపడుతుంది.

అందుకని పొడి ఆపాను. ఆపాను అంటే మానేశానని కాదు, కాస్త విరామం.

జులై 9

మందు లేదు. పాలు రెండు గ్లాసులే.

జులై 11

అన్నం ముట్టలేదు. తలుపు చాటుకి వెళ్ళి మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసి, మొహం ఎర్రగా చేస్తుంది. ముక్కుతోంది పాపం, వచ్చేస్తుంది అని నరసమ్మ పక్కనే కూర్చుని "రావమ్మా, రావమ్మా" అంటుంది. ఏమీ రాదు. లాగుకి మరక మాత్రం అవుతుంది.

రెండు చెరువుల చుట్టూ తిరిగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నడిస్తే నడవబుద్ధి కాదు.

సాయంత్రం శిరీష గట్టు మీది ఇంజను షెడ్డు దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని, తవుడు బస్తాల వెనక నేను పెట్టుకున్న పాల క్యాను వైపు తిప్పింది. రోజు మొత్తంలో తను నన్ను ముట్టుకునేది అప్పుడే. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా. పాలు రెండు గ్లాసులే, ఇంట్లో.

జులై 13, ఆదివారం

పెంటపాడు నుంచి బావమరిది వెంకట్రాజు వచ్చాడు, సీసాతో ఆముదం పట్టుకుని.

"ఏం బావా, రెండు చెరువుల చేపలకి ఏ పూట ఎంత మేతో నోటికి చెబుతావు. ఒక్క పిల్ల కడుపు కడగలేకపోయావా?"

"డాక్టరమ్మ ఆముదం చెప్పలేదు బావా."

"ఆ డాక్టరమ్మకి మాత్రం చిన్నప్పుడు వాళ్ళమ్మ పట్టలేదా ఏంటి? కాళ్ళు పట్టుకోండి, నేను పోస్తాను."

నరసమ్మ కాళ్ళు పట్టుకుంది. చేతులు నేను పట్టుకున్నాను. సగం లోపలికి వెళ్ళింది, సగం వెంకట్రాజు చొక్కా మీద పడింది, వెళ్ళింది కూడా గంటకి వాంతి అయ్యింది. పిల్ల అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. నా వేలు కొరికింది. కొరకనీ, నేను పట్టుకున్నానుగా.

"మొండిది బావా, నీ పోలికే" అని వెంకట్రాజు పకోడీలు తిని బస్సెక్కాడు.

జులై 14

శిరీష నీళ్ళు తాగడం లేదు. ఎవరు గ్లాసు పట్టుకున్నా మూతి బిగిస్తుంది. నేను గదిలోకి వస్తే గోడ వైపు తిరిగిపోతుంది.

సాయంత్రం షెడ్డుకి వచ్చింది. వచ్చింది! నా దగ్గరికే వచ్చింది. పోశాను. ఇంట్లో లెక్క ప్రకారం పాలు రెండు గ్లాసులే.

జులై 15, మంగళవారం

మంగళవారాలు తాడేపల్లిగూడెంలో థెరపీ. బస్సులో లాగు తడిసింది. పక్క సీటాయన ముక్కు మూసుకుని లేచి వెళ్ళి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. నరసమ్మ కొంగులో మొహం పెట్టుకుంది.

వీణ టీచరు గారు పిల్లని చూసీ చూడగానే, "ఇవి విరేచనాలు కావండీ. పొట్ట చూడండి, చేతికి రాయిలాగా తగులుతోంది. ముందు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళండి" అంది. రోజుకి ఇన్నిసార్లు లాగు తడుస్తుంటే రాయెక్కడిదండీ అన్నాను. టీచరు గారికి అక్షరాలు తెలుసు, రంగులు తెలుసు. కడుపు సంగతి ఆవిడకేం తెలుసు?

పాలు రెండు గ్లాసులే.

జులై 16

రెండు రోజులుగా ఒకటే ముసురు. చెరువులో నీళ్ళు గట్టుకి జానెడు దాకా వచ్చేశాయి. వీరాస్వామి గట్టు మీదనుంచి కేకేశాడు.

"జగ్గయ్యా, తూము తీశావా లేదా? నీళ్ళు దిగట్లేదు!"

"దిగుతున్నాయి కదయ్యా, కాలవలోకి కారుతున్నది కనపడట్లేదా?"

"అవి దిగే నీళ్ళా? పక్కల్నుంచి ఊరే నీళ్ళు. లోపల బిగుసుకుపోయి ఉంటుంది, చెయ్యి పెట్టి చూడు."

గుండెల దాకా నీళ్ళలోకి దిగి పైపులో చెయ్యి పెట్టాను. గుర్రపుడెక్క వేళ్ళన్నీ బురదతో కలిసి చెక్కలాగా గట్టిపడి ఉన్నాయి. దాని పక్కనుంచి, వేలు పట్టే సందులోంచి, పల్చగా నీళ్ళు జారుతున్నాయి. ఆగకుండా జారుతున్నాయి. చూసేవాడికి తూము పారుతున్నట్టే ఉంటుంది.

నా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఏమైందయ్యా, పాము గానీ ఉందా?" అని వీరాస్వామి అరిచాడు. నేను గట్టెక్కి తడి బట్టలతో ఇంటికి పరుగెత్తాను. శిరీష పడుకుని ఉంది. చొక్కా ఎత్తి పొట్ట మీద చెయ్యి వేశాను. ఎడమ పక్కన, కింద. అదే చెక్క.

జులై 17, గురువారం

ఏలూరు. డాక్టరమ్మ పొట్ట చూసి, ఎక్స్‌రే తీయించి, అద్దం మీద పెట్టి చూపించింది. అంతా గడ్డకట్టి ఉంది.

"మందు ఎప్పుడు ఆపారు?"

"ఎనిమిదో తారీకునండీ. అవుతున్నాయి కదా అని."

"బాబాయి గారూ, గట్టిపడినదాని పక్కనుంచి పల్చనిది కారుతోంది, అంతే. పాపకి తెలియకుండానే కారిపోతుంది. పాపం, తనని ఏమీ అనకండి."

మునివేళ్ళ మీద నిలబడి కాళ్ళు మెలేసేది ముక్కడం కాదట. నొప్పికి భయపడి ఆపుకోవడమట. మేము పక్కన కూర్చుని రావమ్మా అంటుంటే పిల్లేమో రాకుండా బిగపట్టుకుందన్న మాట.

మందు మోతాదు పెంచి రాసింది. వాంతులైనా, పొట్ట ఉబ్బినా వెంటనే తెమ్మంది. వచ్చే గురువారానికి కదలకపోతే అడ్మిట్ చేసి, మత్తు ఇచ్చి తీయాలట. దగ్గరికి తెల్లకోటు వస్తేనే గుడ్లు తేలేసే పిల్ల.

"పాలు ఎన్ని ఇస్తున్నారు?"

"రెండు గ్లాసులేనండీ" అన్నాను.

"పాల విషయంలో ఈయన చాలా గట్టిగా ఉన్నారండీ" అంది నరసమ్మ, నన్ను చూసి కాస్త గర్వంగా.

జులై 18

మందు మొదలు. ఏమీ లేదు. గురువారానికి ఇంకా ఆరు రోజులు.

పాలు రెండు గ్లాసులే.

జులై 19, శనివారం

నాలుగింటికి శిరీష ఇంట్లోంచి బయటికి నడిచింది. ఎక్కడికి వెళ్తుందో అని నరసమ్మ వెనకే వచ్చింది. తిన్నగా ఇంజను షెడ్డుకి వచ్చి, తవుడు బస్తాల వెనక చెయ్యి పెట్టి, క్యాను తనే బయటికి లాగింది. గ్లాసు కూడా.

నేను అక్కడే ఉన్నాను. నరసమ్మ క్యాను మూత తీసి వాసన చూసింది.

"ఎన్నండీ?"

"ఒకటి."

"ఏవండీ."

"మూడు. ఒక్కోసారి నాలుగు."

బస్తా మీద కూలబడింది. "డాక్టరమ్మ గారి ముందు నేనేమన్నానో గుర్తుందా? ఎంత గొప్పగా చెప్పానండీ. నా మొహాన ఉమ్మేసినా బాగుండేది."

"నరసమ్మా..."

"ఎందుకండీ? చెప్పండి. పిల్ల కడుపు రాయైపోతుంటే ఎందుకు పోశారు?"

"పాల కోసం కాకపోతే నా దగ్గరికి ఇంకెందుకు వస్తుందే?" అన్నాను. "ఆముదం రోజు చేతులు పట్టుకున్నది నేను. ఇది కూడా లేకపోతే మొహమే చూడదు."

శిరీష క్యాను మీద వేలితో టక్ టక్ మని కొడుతోంది.

"నా దగ్గరికి దేనికి వస్తుందనుకున్నారు?" అంది నరసమ్మ. "దేనికీ రాదు. ఎనిమిదేళ్ళుగా నేనే వెళ్తున్నాను. మీరూ వెళ్ళండి."

క్యాను పట్టుకుని వెళ్ళిపోయింది. నేను డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇప్పటికైనా చెప్పారు, మంచిపని. నీళ్ళలో తాగకపోతే మందు ఆ రెండు గ్లాసుల పాలల్లోనే కలపండి. మూడోది మాత్రం వద్దు" అంది.

జులై 20

నాలుగింటికి షెడ్డుకి వచ్చింది. గడ్డం పట్టుకుని తిప్పింది. లేవు తల్లీ అన్నాను. మళ్ళీ తిప్పింది. బస్తాల వెనక చూసింది. కింద పడి అరిచింది. నేను ఎత్తుకుంటే తన్నింది. ఎత్తుకునే ఉన్నాను.

తరవాత గట్టు చుట్టూ తొమ్మిది చుట్లు తిరిగాను. పదోది సగంలో వాన వచ్చింది.

పాలు రెండు గ్లాసులే. ఇది నిజం.

జులై 21

వీణ టీచరు గారు ఫోన్లో అడిగింది, కమోడు మీద కూర్చుంటే పాప కాళ్ళు నేలకి ఆనతాయా అని. ఆనవు. గాలిలో వేలాడతాయి. పెరట్లో కొత్త బాత్రూం తనకోసమే కట్టించాను. పైనుంచి కిందదాకా టైల్సు వేయించాను. కూర్చున్న పిల్ల కాళ్ళు ఎక్కడుంటాయో చూడలేదు.

చేపలు సర్దే నీలం ప్లాస్టిక్ ట్రే ఒకటి బ్రష్షుతో రుద్ది, ఎండలో పెట్టి, బోర్లించి కాళ్ళ కింద వేశాను. శిరీష దాని చిల్లుల్లో కాలి వేళ్ళు దూర్చి చూసుకుంది. నేను ముప్ఫై లెక్కపెట్టేదాకా కూర్చుంది! ఎప్పుడూ ఐదు కూడా కూర్చోలేదు. ఫ్లష్ చప్పుడుకి చెవులు మూసుకుంటుంది కాబట్టి అది మానేశాం. తను బయటికి వెళ్ళాక బకెట్టుతో పోస్తున్నాం.

రాలేదు. గురువారానికి మూడు రోజులు.

జులై 22

కదిలింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, ట్రే మీద కాళ్ళు పెట్టి కూర్చుని ఒక్కసారిగా కేక వేసింది. లేవబోయింది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా చొక్కా రెండు చేతులతో పట్టుకుని లాగింది, గుండీలు రెండు తెగిపోయాయి. తెల్లగా అయిపోయింది మొహం. నరసమ్మ వెనకనుంచి నడుము రాస్తోంది. నేను పిచ్చివాడిలాగా ముప్ఫై అయిపోయాక మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాను. ఎన్ని ముప్ఫైలో తెలియదు.

వచ్చినదాన్ని చూస్తే, ఇంత చిన్న ప్రాణంలో ఇది ఎలా పట్టిందా అనిపించింది. సాయంత్రం లోపల ఇంకో రెండుసార్లు. తరవాత చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది, చేతులు రెండు పక్కలకి చాపి. పొట్ట పట్టుకోకుండా పడుకోవడం చూసి ఎన్నాళ్ళైందో.

ఎవరికీ చెప్పను. ఒకసారి ఎగిరాను, చాలు.

(వీరాస్వామికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఈసారి నవ్వలేదు.)

జులై 24, గురువారం

ఏలూరు. డాక్టరమ్మ పొట్ట నొక్కుతుంటే నేను గోడ మీద కేలండరు చూస్తూ నిలబడ్డాను. "మెత్తగా ఉంది. అడ్మిషన్ అక్కర్లేదు" అంది. నేను ఆమెకి దణ్ణం పెట్టబోయాను, ఆమే లేచి నా చేతులు పట్టుకుంది. మందు ఇంకా కొన్ని నెలలు వాడాలట. బాగా అవుతున్నప్పుడు కూడా వాడాలట, సాగిపోయిన పేగు మళ్ళీ మామూలు అయ్యేదాకా. "ఈసారి చెరువు లెక్క చూడకండి బాబాయి గారూ" అంది. నరసమ్మ చెప్పేసినట్టుంది.

జులై 30

రెండో నంబరు బొమ్మ. గట్టిగానే ఉంది, అయినా అయ్యింది.

ఆగస్టు 3

రెండు రోజులుగా లేదు. గట్టు చుట్టూ తిరుగుతున్నాను. నరసమ్మ, "మీరు తిరిగితే దానికి అవుతుందాండీ, వచ్చి అన్నం తినండి" అంది.

ఆగస్టు 4

అయ్యింది. మూడో నంబరు.

ఆగస్టు 9

చెరువులో మేత సంచి ఏ గుంజకి కడితే ఆ గుంజకే, అదే వేళకి కట్టాలి. ఓ రోజు సంచి మార్చి కడితే బొచ్చె చేపలు రెండు రోజులు దగ్గరికి రావు. శిరీషకి కూడా అదే వేళ, అదే ట్రే. గూడెం నుంచి పెద్దమ్మాయి రంగుల స్టూలు కొని పంపింది. పిల్ల దాన్ని కాలితో తన్నేసింది. స్టూలు మీద ఇప్పుడు నరసమ్మ పోపుల డబ్బా పెట్టుకుంది.

నాలుగింటికి షెడ్డుకి రావడం మానేసింది. నాలుగింటికి నేనే ఇంటికి వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. నా వైపు చూడదు. చూడకపోయినా కూర్చుంటున్నాను. బాగానే ఉంది. బాగానే ఉంది.

ఆగస్టు 17, ఆదివారం

నల్లజర్లలో నరసమ్మ పిన్నిగారింట్లో గృహప్రవేశం. నరసమ్మ పొద్దున్నే బస్సెక్కింది. పిల్లా నేనూ ఉన్నాం.

వరండాలో కూర్చుని తెగిన వల కుట్టుకుంటున్నాను. పదకొండు గంటలు. అన్నం వేళ కాదు, కూర్చోబెట్టే వేళ కాదు, పాలు తాగడం అయిపోయింది. శిరీష వచ్చి నా చూపుడువేలు పట్టుకుంది. "పాలు అయిపోయాయి తల్లీ" అన్నాను. వదల్లేదు. లాగింది. సూదీ దారం అక్కడే వదిలేసి వెనకే నడిచాను. వంటింటి గుమ్మం వచ్చింది. అటు తిరుగుతుంది అనుకున్నాను. తిరగలేదు. పాలగిన్నె వైపు చూడను కూడా చూడలేదు. పెరట్లోకి నడిచి, బాత్రూం తలుపు మీద నా అరచెయ్యి ఆనించి, నొక్కింది.

నేను తలుపు తీశాను.

ట్రే గోడకి ఆనించి ఉంది. తనే పడేసి, కాలితో జరుపుకుని, కూర్చుంది. నేను లెక్కపెట్టలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఏడిచానో ఏమో, గోడ మీద టైల్సు కనపడలేదు.

నాలుగో నంబరు. బొమ్మలో ఉన్నట్టే ఉంది, అచ్చు గుద్దినట్టు. అరవలేదు. లేచి నిలబడి మళ్ళీ నా వేలు పట్టుకుంది, బయటికి తీసుకెళ్ళమని. ఎనిమిదేళ్ళలో నా బిడ్డ నాకు చెప్పిన మొదటి మాట ఇది. మాట కాదంటే ఎవరైనా వచ్చి నాతో వాదించండి.

చెప్పాల్సినవాళ్ళు:

పెద్దమ్మాయి పెద్దింటమ్మ, గూడెం. స్టూలు సంగతి మాత్రం ఎత్తకూడదు.

అల్లుడుగారికి విడిగా చెప్పాలి, లేకపోతే నాకు చెప్పలేదేం మావయ్యా అంటాడు.

మా అక్కయ్య, దెందులూరు. చెవి వినపడదు, ఫోన్లో అరిచి చెప్పాలి. ఊరంతా వింటుంది, విననీ.

మా తమ్ముడు కొండబాబు. వాడి మనవడు కూడా తలుపు చాటున మునివేళ్ళ మీద నిలబడతాడని మరదలు ఓసారి అంది. వాడికి అంతా వివరంగా చెప్పాలి. ఈ రోజే.

వెంకట్రాజు బావ, పెంటపాడు. ఆముదం ఊసు ఎత్తితే ఫోన్ పెట్టేయాలి.

నల్లజర్ల పిన్నిగారు. గృహప్రవేశం ఇంట్లో ఇదేం కబురు అనుకుంటుందేమో. అనుకుంటే అనుకోనీ.

నరసమ్మ. ఐదున్నర బస్సుకి దిగుతుంది. ఫోన్లో చెప్పను. రోడ్డు దాకా ఎదురెళ్ళి చెబుతాను. శిరీష నా వేలు వదలకపోతే ఇద్దరం వెళ్తాం.